తరుగు తీసిన ఎత్తు

రామాయమ్మ కొట్టులోకి వచ్చిన ప్రతి వస్తువూ ముందు కాటా ఎక్కుతుంది. దాని పేరేమిటో ఆ తర్వాత అడుగుతుంది ఆవిడ. బిందె గానీ, గంగాళం గానీ, పెళ్ళినాటి పన్నీటి బుడ్డి గానీ, ఏదైనా అంతే. నరసరావుపేటలో పాత ఇత్తడి తీసుకుని కొత్త స్టీలు సామాను ఇచ్చే కొట్లలో ముప్పయ్యేళ్ళుగా చోటు మారనిది ఆవిడదొక్కటే. బిందె తెచ్చినవాళ్ళు అదెంత బరువో ఇంటి దగ్గరే తూచుకుని వస్తారు. రామాయమ్మ వాళ్ళు చెప్పింది పూర్తిగా వింటుంది. విని, అడుగున మాటు వేసిన సీసం, మెడ కింద పేరుకున్న మసి, లోపల మిగిలిన నీళ్ళు అన్నీ తీసేసి అసలు ఇత్తడి ఎంత నిలుస్తుందో చెబుతుంది. ఆ తీసేసేదే తరుగు. మనుషుల మాటలకు కూడా తరుగు తియ్యడం ఆవిడకు అక్కడే అలవాటైంది. భర్త యల్లమంద మాటలకైతే పెళ్ళయిన వారం నుంచీ తీస్తూనే ఉంది.

శివరాత్రికి ముందురోజు పొద్దున ఆవిడ కొట్టు తెరిచి అగరొత్తులు వెలిగిస్తుండగా ఇన్నయ్య వచ్చాడు. సరుకు ఓడల మీద ముప్పయ్యేళ్ళు పనిచేసి, సెకండ్ మేటు హోదాలో రిటైరై, వినుకొండ రోడ్డులో ఇల్లు కట్టుకున్న మనిషి. ఒడ్డున పడి పదేళ్ళయినా కాళ్ళు ఎడంగా పెట్టి నడవడం పోలేదు. చేతులు మాత్రం ఈ మధ్య వణుకుతున్నాయి.

"చెల్లెమ్మా, సోమవారం మా ఇంటిది ఆరోగ్యమ్మ నీకో గోతం ఇత్తడి వేసిందంట."

"వేసింది అన్నయ్యా. రెండు బిందెలు, ఒక కుంపటి. బదులు బియ్యం డబ్బా తీసుకపోయింది. ఏం, మూత పట్టలేదా?"

"మూత బ్రహ్మాండంగా పట్టింది. ఆ గోతంలో నాదొకటుంది. చెక్కపెట్టెలో పెట్టుకున్నా. పెట్టె కుట్టుసామానుకు పనికొస్తదని తనుంచుకొని, లోపలిది నీకు తూచింది." ఏడవలేక నవ్వే మొహం పెట్టాడు ఇన్నయ్య. "నలభై ఏళ్ళు నాతో తిరిగిందమ్మా అది. కరగేశావా ఏంది?"

రామాయమ్మ లోపలికి వెళ్ళి, బల్ల కింది నుంచి ఒక వస్తువు తెచ్చి గుడ్డ మీద పెట్టింది. కోసిన పుచ్చకాయ చెక్కలా ఉంది దాని ఆకారం. కింది వంపు పొడుగునా వెంట్రుకంత సన్నటి గీతలు, అంకెలు. పైనుంచి ఆ వంపు మీదికి దిగే ఒక ఇత్తడి చెయ్యి. రెండు చిన్న అద్దాలు, పక్కన ఒక పొట్టి గొట్టం.

"ఇది తూకానికి లొంగలేదన్నయ్యా. అద్దాలు తియ్యాలంటే విరుగుతయ్, తియ్యకపోతే బరువు తేలదు. అందుకని పక్కనేశా. ఇద్దరు ముగ్గుర్ని అడిగా. ఒకడు పాతకాలం కుట్టుమిషను ముక్క అన్నాడు, ఒకడు సినిమా వేసేదన్నాడు. ఏందిది?"

"సెక్స్టాంటు. సముద్రం మీద కోణాలు కొలిచేది." ఇన్నయ్య దాన్ని రెండు చేతులతో ఎత్తి, మూడు రోజులు కనపడకుండా పోయిన మేకపిల్లను చూసుకున్నట్టు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "నా మొదటి ఓడ కెప్టెను దిగిపోతా నాకిచ్చాడు. అప్పటికే పాతది. నడిసముద్రంలో ఎటు చూసినా నీళ్ళే గదా, ఎక్కడున్నామో ఎట్టా తెలుస్తది? మిట్టమధ్యాహ్నం ఈ గొట్టంలో నుంచి చూస్తే నీళ్ళ అంచు తిన్నగా కనపడతది. ఈ చెయ్యి జరిపితే అద్దాల్లో సూర్యుడు దిగొస్తాడు. దిగొచ్చి నీళ్ళ అంచు మీద కూర్చోగానే ఆపాలి. ఎన్ని డిగ్రీలు దించామో ఈ గీతలు చెప్తయ్. దాన్ని బట్టి మన ఓడెక్కడుందో లెక్క తేలతది."

రామాయమ్మకు నచ్చింది. పైనున్నదాన్ని కిందికి దించి తూచడమన్నమాట. కానీ నచ్చిన సరుకును నచ్చినట్టు కనపడనిస్తే అది వ్యాపారం కాదు.

"పేటలో సముద్రం లేదు గదన్నయ్యా. ఇక్కడ దీనికేం పని?"

ఇన్నయ్యకు రోషం వచ్చింది. వీధి చివర సెల్ టవరు చూపించాడు. "అదెంత ఎత్తుందో ఎక్కకుండా చెప్పమంటావా?"

దాని ఇత్తడి చెయ్యిని నలభై అయిదు డిగ్రీల దగ్గర బిగించి కంటికి పెట్టుకున్నాడు గానీ, చేతి వణుకుకు టవరు గొట్టంలో చిందులు తొక్కింది. దాంతో రామాయమ్మనే పట్టుకోమన్నాడు. టవరు మొదట్లో ఆవిడ కంటి ఎత్తున సుద్దగీత గీయించి, "ఇప్పుడు వెనక్కి నడువ్. టవరు కొస దిగొచ్చి ఆ గీత మీద కూర్చున్నచోట ఆగు. అక్కణ్ణుంచి టవరు మొదటికెంత దూరమో, గీత పైన అంత ఎత్తు. దానికి నీ కంటి ఎత్తు కలుపుకో" అన్నాడు.

నడివీధిలో, ఆటోలు హారన్లు కొడుతుండగా, యాభై ఎనిమిదేళ్ళ రామాయమ్మ గొట్టంలో ఒక కన్ను పెట్టి, రెండో కన్ను మూసి, కొంగు నడుముకు దోపుకుని వెనక్కి వెనక్కి నడిచింది. ఉన్నట్టుండి టవరు కొస గాలిలోంచి జారి సుద్దగీత మీద వాలింది. ఆవిడ పైకే నవ్వేసింది.

"తీసుకుపో అన్నయ్యా నీ వస్తువు. ఇంత బరువు ఇత్తడి వేరేది తెచ్చి నాకు వెయ్యి, చాలు," అంటుండగా ఫోను మోగింది. యల్లమంద.

"ఏమే, కొంప మునిగింది."

"ఎంత లోతుకు?"

"ఎగతాళి కాదే! ప్రభ ఆపేశారు."

ఆ మాటకు రామాయమ్మ మొహంలో నవ్వు సద్దుమణిగింది. యల్లమంద సొంతూరు వేపగుంటపాడు. ఏటా శివరాత్రికి ఆ ఊరి నుంచి కోటప్పకొండకు ప్రభ వెళుతుంది. మేడలను మించి ఎత్తుగా గడలతో కట్టి, రంగుల గుడ్డలు, దీపాలు అమర్చి, మొదళ్ళు నేలకు దగ్గరగా ఉండేట్టు ట్రాక్టరు తొట్టికి బిగించి నిలబెట్టి, నాలుగు వైపులా మోకులు పట్టుకుని ఊరంతా దాని వెంట నడుస్తుంది. ముప్ఫై రెండేళ్ళుగా ఒక్క ఏడూ తప్పలేదు. ఈ ఏడు కమిటీ పెద్ద యల్లమంద. తప్పితే ఆ మచ్చ ఆయన పేరు మీదే పడుతుంది.

సంగతి తేల్చి అడిగింది ఆవిడ. గాలికి ఒరిగితే జనం మీద పడుతుందని ఈ ఏడు ఎనభై అడుగులు దాటిన ప్రభను రోడ్డెక్కనివ్వడం లేదు. ఆ మాట వచ్చింది పదిరోజుల కిందట. నెల కిందట పర్మిషనుకు పెట్టుకున్న దరఖాస్తులో యల్లమంద రాసింది నూటొక్క అడుగులు. ఊరి మొదట్లో కట్టిన ఫ్లెక్సీ మీదా అదే. ఎస్సై గారు ఆ రెండూ చూపించి ఆపేశారు. ఇవాళ సాయంత్రం ఆరు దాటితే జనం రద్దీ పెరుగుతుందని ప్రభలకు రోడ్డు మూసేస్తారు.

"నూటొకటి ఎట్టా వచ్చింది నీకు?" అడిగింది రామాయమ్మ.

"పాతికడుగుల గడలు. ఒకదాని మీద ఒకటి నాలుగు వరసలు. నూరు. పైన కలశం ఒక అడుగు."

"మరి అతుకులో?"

"అతుకులేంది?"

"గడ మీద గడ నిలబడదు గదయ్యా, పక్కన ఆనించి కలిపి కడతారు. ఆ కట్టులోకి ఎంత పోయింది?"

"ఏడడుగులు పోయిందేమో. కొన్నిచోట్ల ఎనిమిది. ఆరు కూడా ఉండొచ్చు."

మూడు అతుకులు. ఏడేసి పోతే సరిగ్గా ఎనభై. ఎనిమిదేసి పోతే డెబ్బై ఏడు, ప్రభ వెళుతుంది. ఆరేసి పోతే ఎనభై మూడు, ప్రభ ఆగుతుంది. కొన్న గడలన్నిటినీ కలిపి ఎత్తు చెప్పిన ఈ పెద్దమనిషిని, బిందెను నీళ్ళతో సహా తూచమనే గిరాకీ పక్కన నిలబెట్టవచ్చు అనుకుంది రామాయమ్మ.

"ఎవరన్నా పైకెక్కి టేపు జారవిడవొచ్చుగా?"

"కొబ్బరికాయ కొట్టి నిలబెట్టాక ప్రభ మీద కాలు పెట్టకూడదని తెలీదా నీకు? దించి కొలవాలన్నా మళ్ళీ ఎత్తాలన్నా రేపు సాయంత్రమైతది. సర్వేయరు కొండ దగ్గర పనిలో ఉన్నాడు, రేపు గానీ రాడంట."

రామాయమ్మ ఫోను పెట్టేసి ఇన్నయ్య వైపు తిరిగింది. ఆయన తన సెక్స్టాంటును గుడ్డలో చుట్టుకుంటున్నాడు.

"అన్నయ్యా, ఇత్తడి వద్దు, ఏమీ వద్దు. మాయింట్లో ఇంత అన్నం తిని, నాతోపాటు వేపగుంటపాడు రా."

పండగ రద్దీలో ఆగుతూ ఆగుతూ వాళ్ళ ఆటో ఊరు చేరేసరికి మధ్యాహ్నం మూడు కావస్తోంది. ఊరి మొదట్లో చదునైన పెద్ద మిరప కల్లం. ఆ పక్కన ప్రభ నిలబడి ఉంది. మోకులు పట్టిన కుర్రాళ్ళు పట్టు వదలకుండానే కూర్చుని బఠాణీలు తింటున్నారు. వేపచెట్టు నీడన ప్లాస్టిక్ కుర్చీలో ఎస్సై యశస్విని కూర్చుంది. ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. చూపులో తొందరా లేదు, మెతకదనమూ లేదు. పక్కన కానిస్టేబులు ఫోనులో ఏదో యాప్ పెట్టి ప్రభ కొసకు గురి పెడుతున్నాడు.

"ఎంత?" అడిగింది ఎస్సై.

"ఇందాక అరవై ఒకటి అన్నది మేడమ్. ఇప్పుడు తొంభై నాలుగు అంటోంది."

ఆ పక్కనే తెల్లచొక్కా వేసుకుని ఉపేంద్ర నిలబడ్డాడు. అవతలి ఊరు ఎర్రమిట్ట ప్రభ కమిటీకి పెద్ద. ముప్ఫై అయిదేళ్ళవాడు. పరామర్శకని వచ్చాడు గానీ నవ్వు దాచుకోవడం రావడం లేదు.

"ఏం బాబాయ్," అంటున్నాడు యల్లమందతో, "నూటొకటి అంటే జిల్లాలో మీదే పెద్దది గదా. అంత పెద్దది ఊళ్ళోనే ఉంటే అందం. కొండకెందుకు పాపం, దాన్ని శ్రమ పెట్టడం?"

"నువ్వు నోరు మూసుకో అబ్బాయ్," అన్నాడు యల్లమంద. భార్యను చూసి ప్రాణం లేచివచ్చినట్టు ఎదురొచ్చాడు. ఆవిడ చేతిలోది చూసి ఆగాడు. "ఏందే అది?"

"నీ ప్రభను తూచేది."

విషయం విన్నాక ఆయన మొహం ఇంకా వాడిపోయింది. భార్యను పక్కకు లాగి గొంతు తగ్గించాడు. "కొలిస్తే డెబ్బైలో తేలిందనుకో. వాడి ముందర, ఊరందరి ముందర, మా ప్రభ డెబ్బై అని నేనెట్టా ఒప్పుకునేది?"

"కొలవకపోతే నూటొకటి ఇక్కడే నిలబడి ఉంటది. కొలిస్తే డెబ్బై ఎంతో కొండకు పోతది. రెండిట్లో నీకేది కావాలో చెప్పు, వచ్చిన ఆటోను ఇంకా పంపెయ్యలా."

యల్లమంద ప్రభను కిందినుంచి పైదాకా చూశాడు. ఆ చూపు పైకి వెళ్ళినంత సేపు ఆయన పెదవులు బిగిసే ఉన్నాయి.

"కొండకే పోవాలి," అన్నాడు చివరికి. "కొలువ్."

యశస్విని పరికరాన్ని చేతిలోకి తీసుకుని ఇన్నయ్యను పది ప్రశ్నలు అడిగింది. తను చదివిన ఇంజనీరింగు ఎక్కడో అక్కరకొచ్చినట్టుంది, నలభై అయిదు డిగ్రీల సంగతి రెండో మాటకే అందుకుంది. "సరే, కొలవండి. టేపు మాత్రం మావాడు పట్టుకుంటాడు. వచ్చిన అంకెను నేను రాసుకుంటాను. తర్వాత బేరాలు ఉండవు."

తొట్టి మీదికి ఎవరూ ఎక్కకుండా, కింది నుంచే చెయ్యి చాపి నడిమి గడకు ఎర్రగుడ్డ కట్టారు. నేల నుంచి సరిగ్గా నాలుగున్నర అడుగులు, రామాయమ్మ కంటి ఎత్తు. ఇన్నయ్య ఇత్తడి చెయ్యిని నలభై అయిదు దగ్గర బిగించి ఇచ్చాడు. రామాయమ్మ గొట్టంలో కన్ను పెట్టి వెనక్కి నడవడం మొదలుపెట్టింది.

"పిన్నీ, మిరపకాయలు!" అని కేక వినపడేలోపే ఆవిడ కల్లంలోకి వెళ్ళిపోయింది. కాళ్ళ కింద ఎండుకాయలు పటపటలాడాయి. ఘాటు లేచింది. ఆవిడ తుమ్మింది. ప్రభ కొస ఎగిరి ఎక్కడికో పోయింది. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ తుమ్మింది. ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్క తుమ్ముకూ "చిరంజీవ" అంటున్నారు. నాలుగో తుమ్ము తర్వాత కలశం దిగివచ్చి ఎర్రగుడ్డ మీద కూర్చుంది. ఆవిడ శిలలా నిలబడిపోయింది.

"ఇక్కడ!"

కానిస్టేబులు తొట్టి నడిమి నుంచి టేపు లాగాడు. డెబ్బై ఎనిమిది. కంటి ఎత్తు నాలుగున్నర కలిపితే ఎనభై రెండున్నర.

మోకులు పట్టుకున్న కుర్రాళ్ళు బఠాణీలు నమలడం ఆపేశారు. యల్లమంద నేల మీద చతికిలబడ్డాడు. రెండున్నర అడుగులు, అంతే. నడుం ఎత్తు కూడా లేనిది ముప్ఫై రెండేళ్ళను మింగేసింది.

"పోనీలే బాబాయ్," అన్నాడు ఉపేంద్ర. "వచ్చే ఏడు చూసుకుందాం. మేం కొండ మీద మీ పేరున కూడా ఒక కొబ్బరికాయ కొడతాం."

యశస్విని కాగితం మీద పెన్ను పెట్టబోయింది. రామాయమ్మ మాత్రం చేతిలోని వస్తువును తిరగేసి చూస్తోంది. కొట్లో ఎవరైనా తూకం తప్పని గొడవ పెట్టుకుంటే ఆవిడ మొదట చేసే పని ఒకటుంది. సరుకు దించేసి ఖాళీ కాటా చూపిస్తుంది.

"అన్నయ్యా, దీనికి సున్నా సరిగ్గా ఉందా?"

"ఆఁ?"

"ఏమీ తూచనప్పుడు ఇది సున్నా చూపిస్తదా అని. కాటా అన్నాక పొద్దున్నే చూసుకుంటాం గదా. ఇది గోతంలో బిందెల మధ్య పడి వచ్చింది. మా వాడు గోతాన్ని ఆటోలోంచి కింద పడేశాడు కూడా."

ఇన్నయ్య రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "ఛీ, నా బతుకు! ఓడ మీద ఇది చూడకుండా సూర్యుణ్ణి దించితే కెప్టెను తిట్టేవాడు. పదేళ్ళు గట్టు మీద కూర్చునేసరికి మరచిపోయా."

చెయ్యిని సున్నా దగ్గర పెట్టి, దూరాన రోడ్డు వెంట పోయే కరెంటు తీగను చూడమన్నాడు. తిన్నగా కనిపించే తీగా, అద్దంలో కనిపించే తీగా ఒక్కటిగా కలిసిపోవాలి.

"రెండు తీగలు కనపడతన్నయ్," అంది రామాయమ్మ.

"అక్కడున్నది ఒక్కటేనమ్మా. రెండూ కలిసిందాకా చెయ్యి జరుపు. ఇప్పుడు అంకె చూడు."

ఒకటిన్నర డిగ్రీలు. ఏమీ కొలవకుండానే అది ఒకటిన్నర ఎక్కువ చూపిస్తోంది. అంటే నలభై అయిదు అనుకుని బిగించింది నిజానికి నలభై మూడున్నర. ఆ లోటు వల్ల రామాయమ్మ వెళ్ళవలసిన దానికంటే ఎక్కువ వెనక్కి వెళ్ళింది. ఇప్పుడు నలభై ఆరున్నర దగ్గర బిగిస్తే నిజమైన నలభై అయిదు.

"ఆగండి ఆగండి," ఉపేంద్ర అడ్డం వచ్చాడు. "ఇదేం లెక్క మేడమ్? వచ్చిన అంకె నచ్చలేదు, ముల్లు జరుపుకుంటున్నారు. ఇట్టా జరుపుకుంటా పోతే యాభై అడుగులు కూడా వస్తది."

"ఆయన అన్నదాంట్లో న్యాయం ఉందమ్మా," అంది యశస్విని. "మొదటిది తప్పు, రెండోదే రైటు అని నేనెలా నమ్మాలి?"

ఉపేంద్ర మాటకు రామాయమ్మకు కోపం రాలేదు. తన కొట్టుకు వచ్చే మంచి గిరాకీలు అచ్చం ఇలాగే అడుగుతారు.

"నమ్మొద్దమ్మా. మా కాటాకు ఏడాదికోసారి ముద్ర వేయించుకుంటాం. ఎట్టా వేస్తారు? తూకం తెలిసిన రాయి పెట్టి చూస్తారు. పొడుగు తెలిసిన గడ పెట్టి మీరూ చూడండి."

ప్రభ కట్టగా మిగిలిన గడ ఒకటి గోడవారన పడి ఉంది. కానిస్టేబులు దాన్ని టేపుతో కొలిచాడు. పాతికడుగులు, అంగుళం తేడా లేదు. నాలుగున్నర అడుగుల దగ్గర గుడ్డ కట్టి, నలుగురు కుర్రాళ్ళు దాన్ని నిటారుగా నిలబెట్టి పట్టుకున్నారు. రామాయమ్మ ముందు నలభై అయిదు దగ్గర బిగించి కొలిచింది. ఇరవై ఆరు అడుగుల మీద ఒక అంగుళం వచ్చింది. తర్వాత నలభై ఆరున్నర దగ్గర బిగించింది. పాతిక.

"మీరే చూడండి మేడమ్," అంది గొట్టం ఎస్సై చేతికిస్తూ. యశస్విని టోపీ తీసి కానిస్టేబులుకిచ్చి, తనూ చూసింది. గడ కొస దిగివచ్చి గుడ్డ మీద వాలగానే ఎస్సై మొహం ఒక్క క్షణం బడిపిల్ల మొహమైంది.

"పాతికే," అంది టోపీ పెట్టుకుంటూ. "ఉపేంద్ర గారూ, మీరు చూస్తారా?"

ఉపేంద్ర చూశాడు. చాలాసేపు చూశాడు. గొట్టం తిరిగి ఇచ్చి, "పాతికే," అన్నాడు.

రెండోసారి ప్రభను కొలవడానికి రామాయమ్మ మిరపకాయల్లోకి పూర్తిగా వెళ్ళవలసిన పని పడలేదు. కల్లం అంచునే కలశం దిగివచ్చింది. టేపు డెబ్బై నాలుగు దగ్గర ఆగింది. నాలుగున్నర కలిపితే డెబ్బై ఎనిమిదిన్నర.

ఊరు ఒక్కసారిగా కొండ మీది కోటయ్య స్వామి పేరు ఎత్తి కేక వేసింది. మోకుల దగ్గర కుర్రాళ్ళు లేచారు. ఎవరో డప్పు అందుకున్నారు. యల్లమంద కళ్ళు తుడుచుకుని, అది మిరపకాయల ఘాటని చెప్పి, ఇన్నయ్యను కౌగలించుకున్నాడు. యశస్విని కాగితం మీద అంకె రాసి, అడుగున సంతకం పెట్టి ఇచ్చింది.

"నూటొకటిలో ఇరవై రెండున్నర ఏమైంది బాబాయ్?" అన్నాడు ఉపేంద్ర. ఓడినా నోరు ఊరుకోలేదు. "దారిలో ఎవరన్నా ఎత్తుకుపోయారా?"

ఊరి జనంలో కూడా కొందరు నవ్వారు. యల్లమంద తల వంచుకున్నాడు. అప్పుడు యశస్విని ఫైలులో ఇంకో కాగితం తిరగేసింది.

"ఉపేంద్ర గారూ, ఎర్రమిట్ట ప్రభ మీదేగా? దరఖాస్తులో నూట అయిదు అడుగులు అని ఉంది. నేను తర్వాత రావలసింది మీ ఊరికే."

ఉపేంద్ర మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ, దాని వెనక ఉన్న మనిషి వెళ్ళిపోయాడు. వాచీ చూసుకున్నాడు. నాలుగుంబావు. మెల్లగా రామాయమ్మ దగ్గరకు జరిగాడు.

"పిన్నీ."

"చెప్పు నాయనా."

"మా ఊరు ఎంత, అర మైలు. ఒక్కసారి వచ్చి పోతే..."

"నాకెందుకు అబ్బాయ్? అంత పెద్దది ఊళ్ళోనే ఉంటే అందం గదా."

"తప్పయింది పిన్నీ. మాదీ అట్టాగే గడలు కలిపేసి చెప్పాం. నాలుగు గడలు నూరు, కలశం రెండడుగులు, దాని మీద జెండా మూడడుగులు. మీరు రాకపోతే మా ఊళ్ళో నన్ను బతకనియ్యరు."

రామాయమ్మ ఆలోచించింది. వెళ్ళకపోతే ఎర్రమిట్ట ప్రభ ఆగుతుంది. ఆగితే ఆ ఊరు వచ్చే ఏడు దాకా పళ్ళు నూరుతుంది. తన కొట్టుకు వచ్చే ఇత్తడిలో మూడో వంతు ఆ ఊరిది. అదీగాక, పాతిక అని కన్ను పెట్టి చూసి ఒప్పుకున్నవాడు మొత్తానికి చెడ్డ గిరాకీ కాదు. కానీ ఊరికే వెళ్ళడం కూడా పద్ధతి కాదు.

"వస్తా. ఒక మాట. మీది ఎంత ఎత్తు తేలినా సరే, ఈ ఏడు రోడ్డు మీద మా ప్రభ ముందు, మీది వెనక."

ఏటా ఎవరు ముందు నడవాలన్న దాని మీదే రెండూళ్ళకూ తగువు. ఎత్తైనదే ముందన్నది ఇద్దరి వాదనా. ఉపేంద్ర మళ్ళీ వాచీ చూశాడు.

"సరే పిన్నీ."

"మేడమ్ ముందర చెప్పు."

చెప్పాడు. యశస్విని మొదటిసారి గట్టిగా నవ్వింది.

ఎర్రమిట్టలో కల్లం లేదు, తుమ్ములూ లేవు. గుడ్డ కట్టి, సున్నా చూసుకుని, ఒక్క ఊపులో కొలిచేసింది రామాయమ్మ. కొలిచిన చోటునే నిలబడి టేపు అంకె విని, మనసులో కంటి ఎత్తు కలుపుకుంది. డెబ్బై తొమ్మిదింబావు. వేపగుంటపాడు ప్రభ కంటే తొమ్మిది అంగుళాలు ఎక్కువ.

వెంట వచ్చిన యల్లమంద భార్య మొహంలోకి చూశాడు. ఆ మొహంలో అంకెలు చదవడం ఆయనకు వచ్చు. "ఏమే," అన్నాడు మెల్లగా, "కాస్త అటూ ఇటూగా చెప్పరాదూ."

"కాటా ముందు మొగుడూ పెళ్ళామని లేదు," అని ఆవిడ పైకే చెప్పింది. "డెబ్బై తొమ్మిదింబావు!"

ఎర్రమిట్ట విరగబడి అరిచింది. ఎనభై లోపల ఉన్నందుకు ఒక అరుపు, వేపగుంటపాడు కంటే ఎక్కువున్నందుకు రెండో అరుపు. ఉపేంద్ర పెద్ద పందెం గెలిచినట్టు గాల్లోకి ఎగిరాడు. ఎగిరి దిగాక బేరం గుర్తొచ్చింది కాబోలు, నోరు తెరిచి, ఎస్సై వైపు చూసి, మూసుకున్నాడు.

అయిదున్నరకు రెండు ప్రభలూ రోడ్డెక్కాయి. ముందు పొట్టిది, వెనక పొడుగుది. ఎర్రమిట్టవాళ్ళు తమదే ఎత్తని డప్పు వాయించుకుంటూ నడిచారు. వేపగుంటపాడువాళ్ళు తామే ముందని వాయించుకుంటూ నడిచారు. ఎవరి లాభం వాళ్ళకు కనపడుతోంది గనక ఆ రోజు రెండూళ్ళ మధ్య ఒక్క రాయి కూడా లేవలేదు. రామాయమ్మా ఇన్నయ్యా వెనక ఆటోలో కూర్చుని చెరుకురసం తాగుతున్నారు.

కొండ దారి మలుపులో, ఏ ఊరివాడో ఒక పెద్దాయన తలెత్తి చూసి యల్లమందను అడిగాడు. "ఎంతెత్తు, అన్నాయ్, మీ ప్రభ?"

యల్లమంద నోరు ముప్పయ్యేళ్ళ అలవాటు మీద తెరుచుకుంది. ఆటోలోంచి రామాయమ్మ చూస్తూనే ఉంది. ఆయన ఒక్క క్షణం ఆగి, జేబులోంచి కాగితం తీసి, మడతలు జాగ్రత్తగా విప్పాడు.

"డెబ్బై ఎనిమిదిన్నర," అన్నాడు ఛాతీ విరిచి. "ఎస్సై గారు సంతకం పెట్టిన ఎత్తు. మీ ఊరిది ఎంతో కాగితం చూపించు చూద్దాం!"